చూసి పెట్టిన సంతకం

రఘునందన్ ఏదైనా చూడాలంటే దాని పక్కకు చూడాలి. నేరుగా చూస్తే ఆ వస్తువు మాయమైపోతుంది. చక్కెర జబ్బు ముందు కుడి కంటి నడిమిని తినేసింది, తర్వాత ఎడమ కంటిని పట్టుకుంది. ఎవరైనా వచ్చి ఎదురుగా నిలబడితే భుజాలు ఉంటాయి, చెవులు ఉంటాయి, ముఖం ఉండవలసిన చోట బూడిద రంగు మరక ఉంటుంది. అంచుల్లో మిగిలిన ఈ చూపు కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు.

జూబిలీ హిల్స్‌లో వాళ్ళ నాయన బండలు కొట్టించి కట్టిన పాత ఇల్లు వాళ్ళది. చుట్టూ మేడలు లేచాయి. ఎడమవైపు ఒక సినిమా నిర్మాత, కుడివైపు ఒక కంపెనీ గెస్ట్ హౌసు. నడుమ ఈ ఒంటి అంతస్తు ఇల్లు ఇరుక్కుని కూర్చుంది. అందులో రఘునందన్, అతని అక్క శకుంతలమ్మ ఉంటారు. ఆమె బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయింది. గొంతు మాత్రం ఇంకా నలభై మంది పిల్లల ముందు ఉన్నట్టే ఉంటుంది.

మాదాపూర్ దిక్కున అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఎవరింట్లో చూసినా సాఫ్ట్‌వేర్ మాటే. రఘునందన్ కూడా ఆ మేడల్లో ఒకదానిలో కొన్నేళ్ళు పనిచేశాడు. కళ్ళు ఇట్లా అయ్యాక మానేశాడు. ఇంకో పని మాత్రం మానలేదు. ఆ పనికి జీతం లేదు, పైన అధికారి లేడు.

కంప్యూటరు నడవాలంటే లోపల ఆపరేటింగ్ సిస్టం ఉండాలి. కొనుక్కునేవి కొన్ని ఉన్నాయి, ఊరికే దొరికేవి కొన్ని ఉన్నాయి. రఘునందన్‌ది ఊరికే దొరికేది. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి దాన్ని చేస్తారు. అది వేల ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కను ప్యాకేజీ అంటారు. ఒక్కో ప్యాకేజీకి ఒక మనిషి పూచీ. తప్పు బయటపడితే ఆ మనిషే దిద్దాలి. తెలుగు అక్షరం తెర మీది నుంచి కాగితం మీదికి దిగే దారి మొత్తం రఘునందన్ పూచీ. అక్షరాల రూపాలు, పేజీ కూర్చే ప్రోగ్రాము, ప్రింటరుకు అందించే ప్రోగ్రాము, అన్నీ అతనే చూసేవాడు. చూడడమంటే నిజంగా చూడడమే. కొత్తది ఏది వచ్చినా వత్తులన్నీ అచ్చు తీసి, కాగితం కిటికీ వెలుతురులో పెట్టుకుని, ఒక్కొక్కటీ కళ్ళతో తడిమి గాని బయటికి వదిలేవాడు కాదు.

“జీతమియ్యని కొలువేందిరా ఇది?” అని శకుంతలమ్మ మొదట్లో పోట్లాడేది.

“బస్తీల బోరింగు ఉంటది గదక్కా. అందరు నీళ్ళు కొట్టుకుంటరు. వాషరు అరిగితే ఎవడో ఒకడు మార్చాలె. నేను వాషరేసెటోణ్ణి.”

“మరి ఊరందరి బోరింగుకు నువ్వే దొరికినవా?”

“తెలుగు బోరింగుకు నేనొక్కణ్ణే ఉన్న.”

ఆ మాట నిజం. అదే ఇప్పుడు గొంతులో ముల్లయింది. పోయిన సారి అతను వదిలినదానిలో కొన్ని వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి అచ్చయ్యాయి. అతను చూశాననుకున్నాడు. చూడలేదు. ఎవరూ తిట్టలేదు. దూరదేశంలో ఉన్న ఒకాయన మాత్రం మర్యాదగా అడిగాడు, ఒంట్లో బాగుందా అని. రఘునందన్ ఆ రోజు అన్నం తినలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ సిస్టానికి కొత్త కూర్పు వచ్చే కాలం దగ్గర పడింది. కూర్పుకు ముందు ఒక రోజున తలుపు మూస్తారు. ఆ రోజుకు తప్పులు మిగిలిపోయి, దిద్దే మనిషి లేని ప్యాకేజీలను బయట పెడతారు. అందులో కోపం లేదు, వాళ్ళ పద్ధతి అది. తన ప్యాకేజీలు బయట పడితే ఆ కూర్పు వాడే వాళ్ళెవరికీ తెలుగు కాగితం మీదికి సరిగా దిగదు. మళ్ళీ కూర్పు వచ్చేదాకా అంతే. అప్పటికైనా ఎవరో ఒకరు దొరకాలి గదా.

దొరికే మనిషి ఒకరున్నారు. ఆమె పేరు బాలాత్రిపురసుందరి.

ఆమె ఎవరో రఘునందన్‌కు తెలియదు. ఈ-మెయిలు ఉత్తరాల్లోనే తెలుసు. ఫలానా ప్రింటరులో ‘ఱ’ విరుగుతోంది సార్ అని ఒకసారి రాసింది. తర్వాత తప్పుతో పాటు దిద్దుబాటు కూడా పంపడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళుగా ఆమె పంపడం, అతను సరిచూసి తన పేరున ఎక్కించి, కింద ఆమెకు కృతజ్ఞతలు రాయడం. ఆమె రాజమండ్రిలోనో తణుకులోనో ఉంటుందని అతను అనుకున్నాడు. ఆయన అమెరికాలో ఉంటాడని ఆమె అనుకుంది. ఎవరూ ఎవరినీ అడగలేదు. పని గురించి తప్ప వేరే మాట రాయడం ఆ లోకంలో అలవాటు లేదు.

వంచిన తలకాయను తెరకు ఆనించినంత దగ్గర పెట్టి, అక్షరాలను అరచేతి అంత చేసుకుని, రఘునందన్ ఆమెకు రాశాడు. ఈ ప్యాకేజీలు మీరు తీసుకుంటారా, ఏ ఊళ్ళో ఉంటారు, అని. జవాబు వచ్చింది. చదవడానికి ఓపిక లేక అక్కను పిలిచాడు.

శకుంతలమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది. “తీసుకుంటానండి. పెట్టవలసిన పరీక్షలన్నీ మన సిస్టం పెద్దవాళ్ళు ఇంతకుముందే పెట్టారు. సంతకం ఒక్కటే మిగిలింది. నేనుండేది హైదరాబాదులో, ఫిల్మ్ నగర్...” అని ఆగిపోయింది. “ఫిల్మ్ నగరా? గుడి దిగినంక జిరాక్స్ దుకాణమంట! ఒరేయ్, గా పిల్లనారా? పోయిన నెల నా పింఛను కాగితాలు గామెనే తీసిచ్చింది! చాయ్ గూడ తాపించింది!”

 ఇంటి నుంచి ఆ దుకాణానికి వాలు దిగితే చాయ్ చల్లారేలోపు చేరుకోవచ్చు. కళ్ళు బాగున్న రోజుల్లో ఆ వీధిలో ఎన్నిసార్లు నడిచాడో.

ఆ సంతకం సంగతి చెప్పాలి. ఎవరినైనా ఆ లోకంలోకి తీసుకోవాలంటే, ముందు నుంచి ఉన్న మనిషి ఒకరు కొత్త మనిషిని ఎదురెదురుగా కలవాలి. సర్కారు ఇచ్చిన కార్డు చేతిలోకి తీసుకోవాలి. పేరు తన కళ్ళతో చదవాలి, ఫోటోకూ మనిషికీ సరిపోయిందో చూడాలి. అప్పుడే కంప్యూటరులో తన రహస్యపు గుర్తుతో సంతకం పెట్టాలి. ఈ మనిషిని నేను చూశాను, ఈ పేరు ఈమెదే, అని ఆ సంతకానికి అర్థం. లోకమంతా ఒకరి ముఖం ఒకరు చూడకుండా పనిచేసేవాళ్ళు గనక ఈ ఒక్క చూపు మీదే వాళ్ళ నమ్మకమంతా నిలబడి ఉంది.

ఈ విషయంలో రఘునందన్ మొండివాడని పేరు. ఒకసారి బెంగుళూరు సభలో ఒక కుర్రాడు కార్డు మరచి దాని జిరాక్సు తెచ్చాడు. మంచి పనివాడు, అందరికీ తెలిసినవాడు. మిగతావాళ్ళు పోనీలే అన్నారు. రఘునందన్ పెట్టలేదు. “నేను చూసిన అని రాస్తున్న. చూడందే ఎట్ల రాస్తా?” అన్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

సుందరి మరునాడు పొద్దున్నే వచ్చింది. పాపిటలో నెరిసిన వెంట్రుకలు, భుజానికి గుడ్డ సంచీ. రఘునందన్‌కు భుజం, సంచీ కనబడ్డాయి.

“నమస్కారం సార్. మీరు అమెరికాలో ఉంటారనుకున్నానండి.”

“నేను మీరు తణుకుల ఉంటరనుకున్న. కూసోండ్రి.”

“తణుకే సార్ మాది. అమ్మ డబ్బింగులు చెప్పేది, ఆవిడతో వచ్చేశాం. నాకు గొంతు లేదు. అందుకని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.”

శకుంతలమ్మ నవ్వింది. చాయ్ తెచ్చి పెట్టి, అడగకముందే సుందరి చేతిలోని ఓటరు కార్డు అందుకుని, పంతులమ్మ గొంతుతో చదివేసింది. “బాలాత్రిపురసుందరి. తండ్రి పేరు సూర్యప్రకాశరావు. స్త్రీ. ఫిల్మ్ నగర్. ఇగో, ఫోటో గూడ గీమెదే. పెట్టెయ్‌రా సంతకం.”

“నిన్నెవరు చదవమన్నరే అక్కా!”

గొంతు పెద్దదయింది. ఆ ఇంట్లో ఎప్పుడూ కానంత పెద్దదయింది. శకుంతలమ్మ కార్డు బల్ల మీద పెట్టేసింది.

రఘునందన్ దాన్ని తీసుకున్నాడు. ముఖానికి దగ్గర పెట్టుకున్నాడు, దూరం పెట్టాడు, కిటికీ వైపు తిప్పాడు. భూతద్దం తెచ్చి చూశాడు. కార్డు అంచులు ఉన్నాయి, నడుమ మరక ఉంది. సుందరి చాయ్ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. ఎంతసేపయినా తల ఎత్తలేదు.

చివరికి కార్డు బల్ల మీద పెట్టి ఆమె వైపు జరిపాడు. “మీకు చెప్పలే. ఎవరికీ చెప్పలే. నాకు కనబడదమ్మా.”

“తెలుసు సార్.”

“ఎట్ల తెల్సు?”

“పోయినసారి వత్తులు ఎక్కిపోయినప్పుడు. అవి మీరు చూసి వదిలేసేవి కావు కదండీ.”

“రాయకపోతిరి మరి?”

“దిద్ది పంపించాను కదా సార్. ఇంకేం రాయను?”

శకుంతలమ్మ ఉండబట్టలేకపోయింది. “పిల్ల ఎదురుంగ కూసుంది. కార్డు నీ చేతిల ఉండె. నేను చదివిన, నేను నీ తోడబుట్టినదాన్ని, నీకు అబద్ధం చెప్తనా? ఎవరికి తెలుస్తది నువ్వు చూసినవో నేను చూసిననో?”

“నాకు తెలుస్తది.”

“గా తలుపేదో మూస్తరంటివి. గీ పని పోతదంటివి. దానికోసమే గదరా కండ్లు పోగొట్టుకుంటివి!”

“కండ్లు చక్కెరతోటి పోయినయి. పనితోటి కాదు.” అతను నేల వైపు తిరిగాడు. “పని పోతె పోయింది. బెంగుళూరు పోరగానికి చూడలేదని పెట్టలే. గీమె మంచిదని చూడకుండ పెడితే, వానికి నేను చేసిందేంది?”

 సంతకం పెట్టగలిగిన ఇంకో మనిషి దగ్గరలో ఒక్కడే ఉన్నాడు, బెంగుళూరులో; ఆ కుర్రాడు కాదు, వేరే ఆయన. అతను ఉద్యోగం మీద జర్మనీ వెళ్ళాడు. తలుపు మూసేలోపు రాడు. అది ముగ్గురికీ తెలుసు.

సుందరి కార్డు సంచీలో పెట్టుకుంది. లేవలేదు. ఇట్లా అంది. “సార్, మా దుకాణంలో పొద్దున్నే డైలాగు పేపర్లు తీస్తామండి. ఆ రోజు షూటింగులో ఎవరు ఏం మాట్లాడాలో ఆ కాగితాలు. అందరికీ మామూలు సైజు. చూపు తగ్గిన ఒక పెద్దాయనకు మాత్రం ఒక్కో కాగితం మీద నాలుగు మాటలే. జానెడు జానెడు అక్షరాలు. కెమెరా పక్కన గోడకు అంటిస్తారు. సెట్లో ఎవరూ దాని సంగతి ఎత్తరు. ఆయన చెప్పేస్తారు, డైరెక్టరు కట్ అంటారు.”

“నా కోసం కార్డు పెద్దగ అచ్చు తీస్తరా? అది జిరాక్సే అయితది గద.”

“అచ్చు తీయనండి. మీరు రేపొక గంట కిందికి రావాలి. కార్డు మీ చేతిలోనే ఉంటుంది.”

ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న ప్రివ్యూ థియేటరు ఉంది. సినిమా బయటికి రాకముందు చేసినవాళ్ళు చూసుకునే చోటు. పొద్దుపూట ఖాళీగా ఉంటుంది. ప్రొజెక్టరు నడిపే పట్టాభిరామయ్య తన నోటీసులన్నీ సుందరి చేత కొట్టించుకునేవాడు. అక్క చేయి పట్టుకుని రఘునందన్ మెట్లెక్కేసరికి అతను తలుపు దగ్గరే ఉన్నాడు.

“ఏమ్మాయ్ సుందరీ, ఎవరిది ఇవాళ బొమ్మ?”

“నాదేనండి బాబాయ్ గారూ.”

“ఎన్ని రీళ్ళు?”

“ఒక కార్డండి.”

“అబ్బో! ఇంటర్వెల్ ఉందా?” అన్నాడు పట్టాభిరామయ్య. కొత్తవాళ్ళు నవ్వకపోవడం చూసి, రఘునందన్ చేతిలో కర్ర చూసి, మాట మార్చాడు. “రండి రండి, మెట్టుందండి అక్కడ. అమ్మగారూ, తమరు ఇలా కూర్చోండి.”

ముందు వరుస దగ్గర చిన్న బల్ల వేశారు. బల్ల మీదికి వంచి ఒక చేతి వీడియో కెమెరా బిగించారు. దాని తీగ వెళ్ళి ప్రొజెక్టరులో కలిసింది. సుందరి కార్డు తీసి రఘునందన్ చేతిలో పెట్టి, దూరంగా వెళ్ళి గోడ పక్కన నిలబడింది. దీపాలు ఆర్పారు.

తెర తెల్లబడింది. రఘునందన్ కార్డును కెమెరా కిందికి జరిపాడు. తెర మీద ఒక పెద్ద నీడ కదిలింది. వేలు జరిపితే అది జరిగింది, ఆపితే ఆగింది. దూలమంత లావున తన బొటనవేలు కూడా దాని అంచున ఉంది.

“ఇది ఫోటో కాదు గద?” అన్నాడు.

“కాదండి,” అన్నాడు వెనక నుంచి పట్టాభిరామయ్య. “తమరు చెయ్యి తీస్తే పోతుంది. అక్కడ ఉన్నంతసేపే ఇక్కడ ఉంటుంది.”

“అంటె కండ్లద్దం లెక్క.”

“అంతేనండి. కాస్త పెద్ద కళ్ళద్దం.”

రఘునందన్ తల తిప్పి, బయటికి పోయే తలుపు మీది ఎర్ర దీపం వైపు చూశాడు. అప్పుడు కంటి చివర తెర నిలిచింది. బూడిద మరక దాటి, మనిషి ఎత్తు అక్షరాలు నల్లగా నిలబడ్డాయి.

“బా,” అన్నాడు. కార్డు జరిపాడు. “లా.”

అంతలో ఆగిపోయాడు. చేయి కార్డు మీదే ఉంది, జరపలేదు.

“ఏమైందిరా?” అంది చీకట్లో శకుంతలమ్మ.

“లాభం లేదక్కా. పేరు నాకు తెల్సు. నిన్న నువ్వు అన్నీ చదివితివి, తండ్రి పేరు గూడ. ఇప్పుడు నేను చదువుతున్ననో, యాది చేసుకుంటున్ననో నాకే తెలుస్తలేదు. నల్లగ ఏదో కనబడుతది, మిగతాది మనసు నింపుతది. పోయినసారి వత్తులు గట్లనే చూసిన.”

 శకుంతలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన గొంతు మీద తనకే ఆ పూట అసహ్యం వేసింది. 

పోనీ వెళ్దాం అనలేక, ఉండి ఏం చేయాలో తెలియక, రఘునందన్ అలవాటు చొప్పున కార్డును ఇంకో అక్షరం జరిపాడు. ఇన్నేళ్ళ అలవాటది. అక్షరం ముందుంటే వదిలిపోలేడు. ఎర్ర దీపాన్ని చూస్తూ, తెరను కంటి చివర పెట్టుకుని, మెల్లగా జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. ఇంకా వెనక్కి.

“సుందరి గారూ.”

“సార్.”

“గీ కార్డు ఎవడచ్చేసిండమ్మా?”

“సర్కారువాళ్ళే కదండీ సార్.”

“మంచిగ కూర్చలే. తి వట్టిగ నిలబడ్డది. దాని కింద ఉండాల్సిన వత్తు జారిపోయి పు కింద పడ్డది. ఇంత పక్కకు.” ఎడమచేతి వేళ్ళతో గాలిలో కొలిచి చూపించాడు. “ఎవడూ చూడకుండ వదిలిండు.”

 గోడ దగ్గర నుంచి సుందరి అంది. “అవునండి. కార్డు చేతికొచ్చిన రోజు నుంచీ అలాగే ఉంది.”

శకుంతలమ్మ లేచి తెర దగ్గరికి నడిచింది. తన ఎత్తు ఉన్న ఆ అక్షరం ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకుంది. “అవునురా. పక్కకే పడ్డది. నిన్న నేను చదివిన గానీ, చూడలే.”

ఆ మాట విన్నాక రఘునందన్ భుజాలు దిగాయి. ఈ సంగతి తనకు ఎవరూ చెప్పలేదు. ఏ మనసూ దాన్ని నింపలేదు. అది కార్డు మీద ఉంది, తన కంట్లో పడింది, అంతే.

మిగిలిన పేరంతా చదివాడు. తండ్రి పేరు చదివాడు. తర్వాత ఫోటో జరిపాడు. గోడంత ముఖం వచ్చింది. నెరవని జుట్టు, భయపడినట్టు తెరిచిన కళ్ళు, ఎడమ బుగ్గన చిన్న మచ్చ.

“జర ఇటు రండ్రి.”

సుందరి వచ్చి తెర వెలుగులో నిలబడింది. రఘునందన్ ఎర్ర దీపం వైపు చూస్తూ ఆమెనూ, ఆ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తొందరపడలేదు. సుందరి కదలలేదు.

“మచ్చ ఉంది,” అన్నాడు. “చాలమ్మా. దీపాలెయ్యమనండ్రి.”

మెట్లు దిగేటప్పుడు పట్టాభిరామయ్య చేయి అందించాడు. “బొమ్మ ఎలా ఉందండీ?” అని అడిగాడు. రఘునందన్ నవ్వలేదు. “మంచిగుంది. ఒక్క తప్పుంది,” అన్నాడు.

ఇంటికొచ్చి సంతకం పెట్టాడు. అది పెట్టడానికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళకు తెలుసు. ఆ తర్వాత ప్యాకేజీలు ఒక్కొక్కటే తెరిచి, పూచీ ఎవరిది అని ఉన్న చోట తన పేరు తీసి ఆమె పేరు పెట్టాడు. శకుంతలమ్మ పక్కన కూర్చుంది. చాయ్ కావాలా అని కూడా అడగలేదు. చివరి ప్యాకేజీ దగ్గర అతని వేలు మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కాడు.

తలుపు మూయడానికి ముందే సుందరి అన్నీ దిద్ది ఎక్కించింది. ప్రతి దిద్దుబాటుతో పాటు ఏం మార్చారో రెండు మాటలు రాయడం వాళ్ళలో ఉంది. శకుంతలమ్మ దాన్ని తెర మీద చదివి వినిపించింది. ఈసారి అతను అడిగాకే చదివింది.

“ఎక్కిన వత్తులు సరిచేశాను. పూచీ మారింది. పాత ఆయన మా పక్క వీధిలోనే ఉంటారు. తెలియనివి ఆయన్ని అడిగి చేస్తాను.”

రఘునందన్ విన్నాడు. ముఖం కిటికీ వైపు ఉంది.

“మల్లొకపారి చదువు. ఏ వీధంది?”

“పక్క వీధి.”

“పక్క వీధి కాదు గద. మనది పై వీధి.”

“గది గూడ తప్పేనారా?”

“తప్పు తప్పే.”

కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అక్షరాలు అరచేతి అంత చేసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరో తనకు రాసినట్టే, పూచీదారుకు తప్పు తెలియజేసే ఉత్తరం మొదటిసారి తాను మొదలుపెట్టాడు.

‘బాలాత్రిపురసుందరి గారికి. మీ ప్యాకేజీలో ఒక తప్పు కనబడింది.’